పది గేర్ల పికప్‌లో గేరు మారినప్పుడల్లా కుదుపు, సర్వీస్ వాళ్లేమో "నార్మలే" అంటున్నారు

పికప్_వీరుడు
డబుల్ క్యాబిన్ పికప్, టర్బో పెట్రోల్, ఫోర్ వీల్ డ్రైవ్, పది గేర్ల ఆటోమేటిక్. కొన్న కొత్తలో గేరు ఎప్పుడు మారిందో ఆర్‌పీఎం ముల్లు చూస్తే తప్ప తెలిసేది కాదు. కొంతకాలంగా వరస మారింది. పొద్దున్నే చల్లటి బండి తీస్తే 3 నుంచి పైకి ఎక్కేటప్పుడు ధన్‌మని ఒక తోపు. వేడెక్కాక అది తగ్గుతుంది కానీ ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే ఏ గేరు వెయ్యాలో తేల్చుకోలేక తడబడుతుంది, ఒక్క క్షణం ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఇవి కాక సిగ్నల్ దగ్గర పూర్తిగా ఆగే సమయానికి వెనక నుంచి ఒక దెబ్బ, మొదటిసారి వచ్చినప్పుడు నిజంగానే ఎవరో గుద్దారని అద్దంలో చూశాను.

సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టారు, కోడ్లు లేవు. "ఈ గేర్‌బాక్స్ తీరే అంత సార్, నార్మలే" అని తాళం చేతిలో పెట్టారు. వారంటీ ఇంకా ఉంది, అది పోయేలోపు తేల్చుకోవాలని నా తాపత్రయం. ఇది గేర్‌బాక్స్ పోయే ముందు లక్షణమా, లేక నిజంగానే ఇంతేనా?

చక్రపాణి_4x4
"నార్మలే" అన్న ముక్క వాళ్లకి ట్రైనింగ్‌లో మొదటి రోజే నేర్పిస్తారు అనుకుంటా.

క్లచ్_కావాలి
అందుకే నేను ఇప్పటికీ మాన్యువలే. కుదుపు వస్తే తప్పు నాది అని తెలుస్తుంది, ఎవరితోనూ గొడవ ఉండదు.

గేర్‌బాక్స్_రావు
వీరుడు గారూ, మీరు ఒకే జబ్బు అనుకుంటున్నారు కానీ రాసింది చూస్తే మూడు వేర్వేరు సంగతుల్లా ఉన్నాయి. చల్లగా ఉన్నప్పటి తోపు ఒకటి, వేడెక్కాక తడబాటు ఇంకొకటి, ఆగేటప్పుడు దెబ్బ మూడోది. ఆ మూడోదానికి గేర్‌బాక్స్‌తో సంబంధమే లేకపోవచ్చు. ఒక్కటి చెప్పండి. 3 నుంచి పైకి మారేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు ముందు పైకి లేచి తర్వాత దెబ్బ వస్తుందా, లేక ముల్లు లేవకుండానే బ్రేక్ పట్టినట్టు ఆగి దెబ్బ వస్తుందా?

బ్యాటరీ_బాబు
ఇంత దూరం ఎందుకు. బ్యాటరీ నెగటివ్ వైరు పీకి అరగంట వదిలెయ్యండి, కంప్యూటర్ మొత్తం మర్చిపోతుంది, మళ్లీ కొత్తగా నేర్చుకుంటుంది. అది మీ డ్రైవింగ్ స్టైల్ చూసి నేర్చుకుంటుంది కదా, ఇంట్లో ఇంకెవరైనా నడిపి చెడగొట్టి ఉంటారు.

టూల్‌బాక్స్_తాత
బాబూ, ఈ సలహా ప్రతి చర్చలోనూ వస్తుంది. చాలా కొత్త బండ్లలో గేర్‌బాక్స్ నేర్చుకున్న విలువలు బ్యాటరీ పీకినా పోవు, అవి పోని మెమరీలో ఉంటాయి. స్కానర్‌తో పద్ధతిగా చెరపాలి. బ్యాటరీ పీకితే పోయేది రేడియో స్టేషన్లు, గడియారం, కిటికీ అద్దాల ఆటో సెట్టింగు.

బ్యాటరీ_బాబు
మా బండికి పనిచేసింది మరి.

టూల్‌బాక్స్_తాత
కొన్నిటికి పనిచేస్తుంది, కాదనను. ఏది చెరిగిందో ఏది చెరగలేదో నీకు తెలియదు, నా బాధ అది.

పికప్_వీరుడు
రావు గారూ, ఇవాళ పొద్దున ముల్లు మీదే కళ్లు పెట్టి చూశాను. కొద్దిగా పైకి లేస్తుంది, తర్వాత దబ్‌మని కూర్చుంటుంది. ఇంకోటి, డిస్‌ప్లేలో 3 తర్వాత 4 కనిపించడం లేదు, నేరుగా 5 పడుతోంది. ఇది కూడా లోపమేనా?

గేర్‌బాక్స్_రావు
గేరు దూకడం లోపం కాదు. పది గేర్ల పెట్టె మెల్లగా తొక్కితే 1, 3, 5 అని దూకుతూ పోతుంది, అలాగే రాశారు ప్రోగ్రాం. గట్టిగా తొక్కినా బరువు లాగినా వరసగా వేస్తుంది. నాకు పనికొచ్చింది ముల్లు లేచిందన్న మాట.

కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక లేనివాళ్లు వదిలెయ్యండి. పాత నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లలో కొన్ని గేర్ల మధ్య వన్‌వే క్లచ్ ఉండేది. పై గేరు క్లచ్ పట్టుకోగానే కింది గేరు దానంతట అదే విడిపోయేది, టైమింగ్ కాస్త అటూఇటూ అయినా మనకి తెలిసేది కాదు. ఇప్పటి పెట్టెల్లో బరువు, ఘర్షణ తగ్గించాలని అలాంటివి చాలావరకు తీసేశారు. ఒక క్లచ్ వదులుతూ ఉండగానే ఇంకోటి పట్టుకోవాలి, ఆ మార్పంతా ఫ్లూయిడ్ ప్రెషర్‌ని కంప్యూటర్ నడిపిస్తేనే జరుగుతుంది. తాడు లాగే ఆటలో ఒకడు వదిలేలోపు రెండోవాడు అందుకోవాలి, అంతే. రెండోవాడు ఆలస్యమైతే మధ్యలో ఎవరూ పట్టుకోని క్షణం వస్తుంది, ఇంజన్ లేస్తుంది, తర్వాత దెబ్బ. దీన్ని ఫ్లేర్ అంటారు. రెండోవాడు తొందరపడితే రెండు క్లచ్‌లూ ఒకేసారి పట్టుకుంటాయి, ముల్లు లేవదు, బండి ఒక్కసారి వెనక్కి లాగినట్టు అవుతుంది. అది బైండ్.

మీది ఫ్లేర్. అంటే పట్టుకోవాల్సిన క్లచ్ ఆలస్యంగా నిండుతోంది. ఎందుకు ఆలస్యం అన్నదే ప్రశ్న. ఫ్లూయిడ్ మట్టం తక్కువ కావచ్చు, నేర్చుకున్న విలువలు పక్కకి జరిగి ఉండచ్చు, ఆ ప్రెషర్‌ని అదుపు చేసే కరెంటు వాల్వు, అదే సోలెనాయిడ్, బద్ధకించి ఉండచ్చు, లోపల సీలు కారుతూ ఉండచ్చు. చూడాల్సిన వరస కూడా అదే, సులువైనది ముందు.

డీజిల్_దాసు
ఈ పది గేర్ల పెట్టె ఫోర్డ్, జీఎం కలిసి చేసినదే కదా? మా అన్నయ్య దగ్గర ఒక కంపెనీది ఉంది, నా దగ్గర రెండోది. రెండూ నడిపితే అసలు ఒకే పెట్టె అంటే నమ్మబుద్ధి కాదు.

టూల్‌బాక్స్_తాత
అవును, 2013లో ఒప్పందం కుదుర్చుకున్నారు. పది గేర్లది ఫోర్డ్ ముందుండి డిజైన్ చేసింది, తొమ్మిది గేర్ల ఫ్రంట్ వీల్ డ్రైవ్ పెట్టె జీఎం వాళ్లది. లోపల ఇనుము ఇంచుమించు ఒకటే, నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు, ఆరు క్లచ్‌లు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరిది వాళ్లే రాసుకున్నారు. నీకు తేడా అక్కడే తెలుస్తోంది. మనం "గేర్‌బాక్స్ గరుకుగా ఉంది" అంటాం కానీ సగం కేసుల్లో గరుకు అంతా సాఫ్ట్‌వేర్‌దే.

క్లచ్_కావాలి
ఆరు క్లచ్‌లు!! నాకు ఒక్కటే ఉంది, దానికే కాలు నొప్పి.

నల్లరేగడి
బ్యాటరీ బాబు అన్న "డ్రైవింగ్ స్టైల్ నేర్చుకుంటుంది" అన్నది సగం నిజం. గేరు ఎప్పుడు మార్చాలి అన్నది కొన్ని బండ్లు మన తొక్కుడు చూసి కాస్త సర్దుకుంటాయి. కానీ దెబ్బ తగ్గడానికి అది నేర్చుకునేది మనల్ని కాదు, క్లచ్‌లని. ప్లేట్లు అరిగేకొద్దీ మధ్య ఖాళీ పెరుగుతుంది, పిస్టన్ కాస్త ఎక్కువ దూరం జరగాలి, అంటే ఇంకాస్త ఫ్లూయిడ్, ఇంకొన్ని మిల్లీసెకన్లు కావాలి. లోపలికి వెళ్లే షాఫ్ట్ వేగం, బయటికి వచ్చే షాఫ్ట్ వేగం పోల్చి క్లచ్ ఎప్పుడు పట్టిందో కంప్యూటర్ తెలుసుకుంటుంది, ఆలస్యమైతే తర్వాతి సారికి ముందే మొదలుపెడుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ నేర్చుకోవడం ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. ఫ్లూయిడ్ తగినంత వేడిగా ఉండాలి, యాక్సిలరేటర్ నిలకడగా ఉండాలి. రోజూ బండి వేడెక్కకముందే ఆపేసేవాళ్లకి అది నేర్చుకునే అవకాశమే రాదు. వీరుడు గారు బండి ఎలా వాడతారో?

పికప్_వీరుడు
పట్టేశారు. రోజూ పిల్లల్ని దింపి రావడం, అక్కణ్నించి ఆఫీసు, అన్నీ చిన్న చిన్న దూరాలే. నెలకోసారి ఎప్పుడైనా హైవే ఎక్కుతుంది.

చక్రపాణి_4x4
పిల్లల్ని దింపడానికి టన్ను మోసే బండి. బండికీ ఆత్మగౌరవం ఉంటుంది కదా, అందుకే అలిగింది.

పికప్_వీరుడు
మా ఇంట్లోవాళ్ల మాటా అదే, మీరు కూడా మొదలెట్టకండి.

కమాన్_కట్ట
ఆగేటప్పుడు దెబ్బ గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నాకు అచ్చంగా అదే వచ్చింది. గేర్‌బాక్సే అని ఊరికే టెన్షన్ పడ్డాను, చివరికి ప్రొపెల్లర్ షాఫ్ట్ అని తేలింది. బ్రేక్ వేస్తే బండి ముక్కు దిగుతుంది, తోక లేస్తుంది, ఆగాక మళ్లీ తోక కూర్చుంటుంది. అప్పుడు వెనక కమాన్ కట్టలతో పాటు యాక్సిల్ కదులుతుంది కాబట్టి షాఫ్ట్ పొడవు కాస్త మారాలి, అందుకే దానికి జారే స్ప్లైన్ జాయింటు పెడతారు. అక్కడ గ్రీజు ఎండిపోతే సాఫీగా జారదు, పట్టుకుని పట్టుకుని ఒక్కసారి ఠక్‌మని జారుతుంది. లోపల కూర్చున్నవాడికి వెనక నుంచి గుద్దినట్టే ఉంటుంది.

చూడ్డం తేలిక. ఖాళీ రోడ్డు మీద మెల్లగా వస్తూ ఆగే ముందు న్యూట్రల్‌లో వేసి ఆగండి. అయినా దెబ్బ వస్తే గేర్‌బాక్స్‌ని అనుమానించక్కర్లేదు, కింద చూడాలి. న్యూట్రల్‌లో రాకుండా డ్రైవ్‌లోనే వస్తే అప్పుడు 2 నుంచి 1కి దిగేటప్పటి దెబ్బ. వెనక తొట్టిలో బరువు వేసి కూడా చూడండి, నాది బరువు ఉంటే దాదాపు వచ్చేది కాదు.

గేర్‌బాక్స్_రావు
కమాన్ కట్ట రాసింది బంగారం. దానికి తోడు యూ జాయింట్లు, షాఫ్ట్ రెండు ముక్కలదైతే మధ్య బేరింగు, గేర్‌బాక్స్ మౌంటు కూడా చూడమనండి. వీటిలో ఏది లూజైనా మామూలు గేరు మార్పు కూడా దెబ్బలాగే వినిపిస్తుంది, లోపల పెట్టె ఎంత సాఫీగా మార్చినా సరే.

ఆయిల్_రంగు
ఇంతమంది ఇన్ని రాశారు, ఫ్లూయిడ్ మార్చమని ఒక్కరూ అనలేదు. మార్చండి. సమస్య తీరుతుంది.

టూల్‌బాక్స్_తాత
"సమస్య తీరుతుంది" అని ఎలా అంటావయ్యా, పెట్టె లోపల చూశావా?

ఆయిల్_రంగు
తాతగారూ, లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్ అని కంపెనీ రాస్తుంది, ఎవరి లైఫ్ అన్నది రాయదు. ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ పెట్టె చేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లు లేదా ఎనిమిదేళ్లకి మార్చమంటుంది. అదే పెట్టె పెట్టుకున్న బండి కంపెనీలు కొన్ని మార్చక్కర్లేదు అంటాయి. పెట్టె చేసినవాడి మాట వినాలా, బండి అమ్మినవాడి మాట వినాలా?

నల్లరేగడి
మార్చడం మంచిదే, ఒప్పుకుంటా. జీఎం ఎనిమిది గేర్ల పెట్టెల్లో వచ్చిన వణుకుకి ఆ కంపెనీయే పాత ఫ్లూయిడ్ తీసేసి వేరే రకం పొయ్యమని బులెటిన్ ఇచ్చింది, ఆ పాతది తేమ పీల్చుకోవడమే కారణం. కాబట్టి ఫ్లూయిడ్‌తో పోయే జబ్బులు ఉన్నాయి. కానీ వీరుడు గారికి వారంటీ ఉంది. బయట ఎవరి దగ్గరో మార్పిస్తే రేపు "మీరే ఏదో పోశారు" అంటారు. పది గేర్లవాటికి చాలా పల్చటి యూఎల్‌వీ రకం కావాలి, షాపులో కనిపించిన ఏ ఆటోమేటిక్ ఫ్లూయిడ్ (ఏటీఎఫ్) పడితే అది పోస్తే ఉన్న కుదుపుకి కొత్తది తోడవుతుంది.

రెండో మాట. ముందు మట్టం చూడాలి, మార్చడం తర్వాత. చాలా పెట్టెలకి ఇంజన్ దగ్గర డిప్‌స్టిక్ ఉండదు. ఫ్లూయిడ్ వేడైతే ఉబ్బుతుంది కాబట్టి ఫలానా ఉష్ణోగ్రతలోనే చూడాలి. జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్లదైతే 30 నుంచి 50 డిగ్రీల మధ్య, ఇంజన్ నడుస్తుండగా, బండి సమంగా నిలబెట్టి. ఇంకొన్నిటికి బాగా వేడెక్కాకే చూడాలి. చల్లగా చూసి సరిపోయింది అన్నవాడి మాట నమ్మకండి.

రాత్రిడ్యూటీ
తక్కువుంటే సరే, ఎక్కువ పోస్తే ఏమవుతుంది?

నల్లరేగడి
తిరిగే భాగాలు ఫ్లూయిడ్‌ని చిలికి నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలి నొక్కుకుపోతుంది, ప్రెషర్ నిలవదు. అంటే తక్కువున్నప్పటి లక్షణాలే మళ్లీ.

లోడు_లక్ష్మణ్
నేను ట్రైలర్ లాగుతాను. ఖాళీగా వెళ్లేటప్పుడు కూడా ట్రాఫిక్‌లో టో మోడ్ (బరువు లాగడానికి ఇచ్చే సెట్టింగు) వేసుకుంటా. గేర్లు త్వరత్వరగా పైకి ఎక్కవు, తడబాటు సగానికి సగం తగ్గుతుంది. పెట్రోల్ కాస్త ఎక్కువ తాగుతుంది, వాలులో తనే గేరు దించి గట్టిగా పట్టుకుంటుంది, అది కొందరికి నచ్చదు. మందు కాదు, ఉపశమనం.

టైరు_తిరుమల
టైర్లు పెద్దవి వేయించారా? అడగాల్సిన మొదటి ప్రశ్న అది. చాలామంది లుక్కు కోసం సైజు పెంచి కంప్యూటర్‌కి చెప్పరు. దానికి తెలిసిన వేగం వేరు, అసలు వేగం వేరు, ఇక గేర్లు ఎప్పుడు వేస్తే ఏం.

పికప్_వీరుడు
కంపెనీ టైర్లే. చిప్ ట్యూనింగ్ లాంటివి కూడా ఏమీ లేవు, అడగబోతారని ముందే చెప్తున్నా.

గేర్‌బాక్స్_రావు
అయితే ఇలా చెయ్యండి. సాయంత్రమే వెళ్లి బండి రాత్రంతా అక్కడే వదిలెయ్యండి, పొద్దున చల్లటి బండి తీసేటప్పుడు టెక్నీషియన్ పక్కన మీరూ కూర్చోండి. వేడి బండి ఇచ్చి చల్లటి బండి జబ్బు చూపించలేరు. జాబ్ కార్డ్ మీద "గేర్‌బాక్స్ జర్క్" అని రాయనివ్వకండి, "చల్లగా ఉన్నప్పుడు 3 నుంచి 5కి మారేటప్పుడు ఆర్‌పీఎం లేచి దెబ్బ వస్తోంది" అని రాయించండి. ఆ ముల్లు వీడియో తీసి ఉంచుకోండి. గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఉందా, మట్టం సరైన వేడిలో చూశారా, విలువలు చెరిపి నేర్పించే డ్రైవ్ చేశారా, ఈ మూడూ కాగితం మీద అడగండి. కోడ్ లేదంటే లోపం లేదని కాదు. క్లచ్ ఆలస్యం ఒక హద్దు దాటితేనే కోడ్ పడుతుంది, ఆ లోపు కుదుపు మనం భరించాల్సిందే.

రాత్రిడ్యూటీ
నేర్పించే డ్రైవ్ అంటే?

టూల్‌బాక్స్_తాత
పెట్టె బాగా వేడెక్కాక, మెల్లగా నిలకడగా తొక్కుతూ పై గేర్ల దాకా పోవడం, వదిలేసి మెల్లగా ఆగడం, మళ్లీ మొదటి నుంచి. కాలు పైకీ కిందికీ ఆడించకూడదు. విసుగు పుట్టే పని, అందుకే చాలామంది మెకానిక్‌లు చెరిపేసి అలాగే ఇచ్చేస్తారు. చెరిపిన కొత్తలో కుదుపు ఇంకా ఎక్కువ ఉంటుంది, చూసి హడలిపోకు.

బ్యాటరీ_బాబు
అంటే నేను చెప్పిందే కదా, చెరిపి మళ్లీ నేర్పించడం.

టూల్‌బాక్స్_తాత
సరే బాబూ, నువ్వు చెప్పిందే. స్కానర్‌తో.

డీజిల్_దాసు
ఒకటి చేర్చండి. వాల్వ్ బాడీగానీ (ఫ్లూయిడ్‌ని క్లచ్‌లకి పంచే భాగం) సోలెనాయిడ్లుగానీ మారిస్తే కొన్ని బండ్లలో కొత్త భాగంతో వచ్చిన కోడ్‌ని కంప్యూటర్‌కి ఎక్కించాలి. ప్రతి సోలెనాయిడ్ ఎంత కరెంటుకి ఎంత ప్రెషర్ ఇస్తుందో ఫ్యాక్టరీలో కొలిచి ఇచ్చే లెక్క అది. మా అన్నయ్య బండికి అది ఎక్కించకుండా ఇచ్చారు, మార్చక ముందే నయం అనిపించింది. తర్వాత ఇంకోచోట ఎక్కించాకే దారికొచ్చింది.

పికప్_వీరుడు
అప్‌డేట్. రాత్రి వదిలేశాను, పొద్దున టెక్నీషియన్ కుర్రాడు నాతో కూర్చున్నాడు, 3 దాటగానే తనే "ఓహ్" అన్నాడు, అప్పటికి సగం బరువు దిగింది నాకు. లిఫ్ట్ మీద పెడితే గేర్‌బాక్స్ ఫ్లూయిడ్ కూలర్‌కి వెళ్లే పైపు జాయింటు దగ్గర చెమ్మ, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. కింద చుక్క పడేంత కాదు కాబట్టి నాకెప్పుడూ కనిపించలేదు. మట్టం తక్కువే ఉంది. పైపు సీలు మార్చి నింపారు, సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించారు, విలువలు చెరిపి కుర్రాడు నిజంగానే బయటికి తీసుకెళ్లి నడిపాడు. అన్నీ వారంటీలోనే.

న్యూట్రల్‌లో ఆగినా దెబ్బ వచ్చింది, కమాన్ కట్ట గారు అన్నట్టే. షాఫ్ట్ స్ప్లైన్ విప్పితే గ్రీజు జాడే లేదు, పొడిగా మెరుస్తోంది. గ్రీజు పెట్టాక ఆ దెబ్బ పూర్తిగా పోయింది. వేడి తడబాటు బాగా తగ్గింది. చల్లగా ఉన్నప్పుడు 3 నుంచి 5కి ఇంకా చిన్నగా తెలుస్తోంది, ముల్లు మాత్రం లేవడం లేదు.

కమాన్_కట్ట
గ్రీజు మళ్లీ ఎండుతుంది, సర్వీస్‌కి వెళ్లినప్పుడల్లా గుర్తు చెయ్యండి. వాళ్లంతట వాళ్లు పెట్టరు.

గేర్‌బాక్స్_రావు
ముల్లు లేవడం లేదంటే మంచిదే. నేర్చుకోవడానికి హైవే మీద కాస్త తిప్పండి. చల్లటి ఫ్లూయిడ్ చిక్కగా ఉంటుంది కాబట్టి కొంత మిగిలినా ఆశ్చర్యం లేదు. కానీ వేడెక్కాక కూడా ఫ్లేర్ తిరిగొస్తే ఆగకండి, కింద పాన్ విప్పి లోహపు పొడి ఉందేమో చూడమనండి. సన్నటి బూడిదరంగు మడ్డి అయస్కాంతం మీద ఉండటం మామూలే, మెరిసే ముక్కలు కనిపిస్తే మాట వేరు. ఇప్పుడు జరిగినదంతా జాబ్ కార్డ్‌లో ఎక్కిందో లేదో ఒకసారి చూసుకోండి, వారంటీ అయ్యాక మీకు అదే ఆధారం.

చక్రపాణి_4x4
మరి "నార్మలే" అన్న పెద్దమనిషి ఏమన్నాడు?

పికప్_వీరుడు
సెలవులో ఉన్నాడట.

మట్టిరోడ్డు_మధు
ఇదే చర్చలో అడిగేస్తున్నా, కొత్తది తెరవను. డీజిల్ పికప్, ఆరు గేర్ల ఆటోమేటిక్. గేర్లు మారడం బాగానే ఉంది. కానీ 60, 70 మధ్య నిలకడగా పోతుంటే గరుకు రోడ్డు మీద పోతున్నట్టు సన్నగా వణుకు. కాస్త ఎక్కువ తొక్కితే పోతుంది. టైర్లు బ్యాలెన్స్ చేయించాను, అలాగే ఉంది.

నల్లరేగడి
ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌ని నేరుగా బిగించే లాకప్ క్లచ్ జారుతోందేమో. ఇంజన్‌లో ఏదో సిలిండర్ సరిగా మండక మిస్సయినా అచ్చం అలాగే అనిపిస్తుంది, రెండిటినీ విడదీయాలి. వెనక బండ్లు లేని చోట, వణుకు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ అలాగే పట్టుకుని ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని జస్ట్ తాకించు, బ్రేక్ లైట్ వెలిగేంత. లాకప్ విడిపోతుంది, ఆర్‌పీఎం కొంచెం లేస్తుంది. వణుకు ఆ క్షణమే ఆగిపోతే కన్వర్టర్‌దే. ఆగకపోతే ఇంజెక్టర్ల వైపు చూడు.

మట్టిరోడ్డు_మధు
ఇప్పుడే చూసి వచ్చా. టక్కున ఆగింది. పెడల్ వదలగానే మళ్లీ మొదలు.

నల్లరేగడి
కన్వర్టర్ లాకప్పే. కన్వర్టర్ మార్చాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకు, ముందు ఫ్లూయిడ్. ఒక్కసారి పాన్ నుంచి దింపితే సగమే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి కొన్నాళ్లు నడిపి మళ్లీ దింపి నింపాల్సి వస్తుంది. ఇదివరకు ఎవరైనా మార్చి ఉంటే ఏ రకం పోశారో బిల్లు చూసి ఇక్కడ రాయి.